కారులో వణుకు ఎక్కడి నుంచి వస్తోంది? పార్టులు మార్చేముందు కారణం పట్టుకునే పద్ధతి

"అన్నా, బండి వైబ్రేషన్ వస్తోంది, ఏం మార్చాలి?" షెడ్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇలాగే మొదలుపెడతారు. ఈ ఒక్క ముక్క విని జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు. చక్రం దగ్గర నుంచి ఇంజిన్ ఫౌండేషన్ (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) దాకా వణుకు పుట్టించే భాగాలు చాలా ఉన్నాయి. అందుకే అలైన్‌మెంట్‌తో (చక్రాల దిశ సరిచేయడం) మొదలై, బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమం చేయడం), టై రాడ్లు, లోయర్ ఆర్మ్‌లు, షాకులు, ఆఖరికి కొత్త టైర్ల దాకా ఒక్కోటీ మారుస్తూ పోతారు. డబ్బు పోతుంది, వణుకు పోదు.

ఏ వేగంలో వస్తోంది, ఎక్కడ తెలుస్తోంది, ఏం చేస్తే ఆగుతోంది. ఈ మూడూ తేలితే సగం పని పానా పట్టకుండానే అయిపోతుంది. ఈ మూడూ తేల్చడం మెకానిక్ కంటే బండి యజమానికే బాగా చేతనవుతుంది. రోజూ ఆ సీట్లో కూర్చునేది ఆయనే కదా.

ముందు వివరాలు రాసుకోండి

తెలిసిన, నున్నటి రోడ్డు ఎంచుకోండి. గతుకుల రోడ్డు మీద ఏది బండి తప్పో, ఏది రోడ్డు తప్పో తేలదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు, మిగతాచోట్ల ఏదైనా నాలుగు లేన్ల హైవే, ట్రాఫిక్ పలచగా ఉండే తెల్లవారుజామున బాగుంటుంది. కాంక్రీటు రోడ్డు అతుకుల దగ్గర వచ్చే టక్‌టక్ చప్పుడును లెక్కలోకి తీసుకోవద్దు. కాగితం, పెన్ను పక్క సీట్లో వాళ్ల చేతికివ్వండి. నడిపేవాళ్ల చూపు రోడ్డు మీదే ఉండాలి.

వేగం 20 నుంచి పదేసి చొప్పున 100 దాకా పెంచండి. వణుకు ఎక్కడ మొదలైంది, ఎక్కడ బాగా ఎక్కువైంది, ఎక్కడ తగ్గింది అని రాయించండి. స్టీరింగ్‌లోనా, సీటు కిందా, కాళ్ల దగ్గర ఫ్లోర్‌లోనా, బ్రేక్ పెడల్‌లోనా, గేర్ రాడ్‌లోనా అన్నది కూడా రాయాలి. సాధారణంగా స్టీరింగ్ ఆడితే ముందు చక్రాల వైపు, సీటూ ఫ్లోరూ అదిరితే వెనక చక్రాల వైపు అనుమానం మొదలుపెట్టొచ్చు.

ఇంకో ప్రశ్న చాలామంది మర్చిపోతారు: ఇది ఎప్పుడు మొదలైంది? పంక్చర్ వేయించాకా, గుంతలో గట్టిగా పడ్డాకా, టైర్లు మార్చాకా, క్లచ్ పని చేయించాకా, బండి నెల రోజులు కదలకుండా ఉన్నాకా? నన్నడిగితే ఈ కాగితం మీద అన్నిటికంటే విలువైన లైను ఇదే.

నిలబడ్డ బండి వణుకుతుంటే

బండి ఆగి ఉండి, ఇంజిన్ నడుస్తూ, న్యూట్రల్‌లో ఉన్నప్పుడే వణుకు వస్తోందంటే చక్రాలకు సంబంధం లేదు. ఇంజిన్, దాని ఫౌండేషన్లు, సైలెన్సర్, ఏసీ కంప్రెసర్ వైపు చూడాలి.

ముందు మీ ఇంజిన్‌కి ఎన్ని సిలిండర్లో తెలుసుకోండి. ఆల్టో కే10, వ్యాగన్ఆర్ 1.0, టియాగో, పంచ్, క్విడ్ లాంటివన్నీ మూడు సిలిండర్ల బళ్లు. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ కూడా మూడు సిలిండర్లదే. నాలుగు సిలిండర్ల బండితో పోలిస్తే ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, వీటికి కాస్త వణుకు ఎక్కువే. అది జబ్బు కాదు. పాత స్విఫ్ట్ నడిపి కొత్తది కొన్నవాళ్లు ఈ తేడా చూసి టెన్షన్ పడాల్సిన పనిలేదు. మీ బండి నిరుడు ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది అన్నదే చూడాల్సింది.

లయ తప్పి, మధ్యమధ్యలో ఒక్కో కుదుపు ఇస్తూ వణుకుతుంటే అది మిస్సింగ్. ఒక సిలిండర్ సరిగా మండటం లేదు. స్పార్క్ ప్లగ్గు, ఇగ్నిషన్ కాయిల్, ఇంజెక్టర్ వరుసగా చూడాలి. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి (ఇంజిన్ లోపాల కోడ్లు చదివే చోటు) స్కానర్ పెడితే పీ0301 నుంచి పీ0304 లోపు కోడ్ రావచ్చు. చివరి అంకె ఏ సిలిండరో చెబుతుంది. కోడ్ పీ0302 అనుకోండి, రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి పెట్టి, మూడోది రెండోదానికి పెట్టండి. మళ్లీ నడిపితే కోడ్ పీ0303కి మారిందా, తప్పు కాయిల్‌దే. మారలేదా, కాయిల్ మంచిదే, ప్లగ్గూ ఇంజెక్టరూ చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. చెక్ ఇంజిన్ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే మాత్రం బండిని పరిగెత్తించొద్దు. మండని పెట్రోలు సైలెన్సర్ లైన్‌లో పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, అది చాలా ఖరీదైన పార్టు.

సీఎన్‌జీ బళ్లలో ఒక తేలిక గుర్తు ఉంది. పెట్రోల్ మీద నున్నగా ఉండి గ్యాస్ మీదకి మార్చగానే మిస్సింగ్ వస్తోందంటే ముందు ప్లగ్గులు చూడండి. గ్యాస్‌ని మండించడానికి స్పార్క్ గట్టిగా ఉండాలి, అందుకని అరిగిన ప్లగ్గు గ్యాస్ మీదే ముందు దొరికిపోతుంది.

మిస్సింగ్ లేకుండా సమంగా వణుకుతూ, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి 1,200 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరుగుళ్లు) దాటించగానే తగ్గిపోతే రెండు అనుమానాలు. ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని ఐడిల్ పడిపోవడం ఒకటి. ఫౌండేషన్ రబ్బరు చచ్చిపోవడం రెండోది. ఏసీ వేసినప్పుడు, ఆటోమేటిక్ అయితే బ్రేక్ తొక్కి డీలో పెట్టినప్పుడు వణుకు బాగా పెరిగితే ఫౌండేషన్ అనుమానం బలపడుతుంది. బానెట్ ఎత్తి టార్చి వేసి చూడండి: రబ్బరు పగిలి ఉంటుంది, లేదా లోపల నూనె ఉండే రకమైతే కారిన మరక కనిపిస్తుంది. కొత్తగా క్లచ్ పని జరిగిన బండి అయితే ఫౌండేషన్ బోల్టులు బిగించేటప్పుడు ఇంజిన్ మెలిపడి కూర్చుందేమో అడగండి. బోల్టులు వదులు చేసి, ఇంజిన్‌ని ఐడిల్‌లో కాసేపు నడిపి, మళ్లీ బిగిస్తే సర్దుకున్న బళ్లు ఉన్నాయి.

పరుగులో ఉన్నప్పుడు: ఇంజినా, చక్రమా?

మొత్తం పద్ధతికి ఆయువుపట్టు ఇక్కడుంది. వణుకు వచ్చే వేగం, 90 అనుకోండి, అక్కడికి తీసుకెళ్లండి. వెనక వాహనం లేదని చూసుకుని, యాక్సిలరేటర్ వదిలి, క్లచ్ తొక్కి న్యూట్రల్ వేసి బండిని దాని మానాన దొర్లనివ్వండి. తాళం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో ఆపొద్దు. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగూ, బ్రేక్‌కి ఉండే బూస్టరూ పోతాయి, స్టీరింగ్ లాక్ పడే ప్రమాదమూ ఉంది. ఆటోమేటిక్ బండిలో న్యూట్రల్ జోలికి పోకుండా యాక్సిలరేటర్ మీద కాలు తీసి చూస్తే చాలు.

న్యూట్రల్‌లో కూడా అదే వణుకు ఉంటే అది చక్రం, టైరు, హబ్బు (చక్రం బిగించే భాగం), బ్రేక్ డిస్క్ వైపు. వెనక చక్రాలకు ఇంజిన్ తిరుగుడు వెళ్లే బోలెరో, ఇన్నోవా క్రిస్టా లాంటి బళ్లలో ఆ తిరుగుడుని వెనక్కి మోసే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా ఈ జాబితాలోకి వస్తుంది. వణుకు ఆగిపోతే ఇంజిన్, ఫౌండేషన్, డ్రైవ్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి చక్రానికి తిరుగుడు అందించే కడ్డీ) వైపు.

అనుమానం ఉంటే ఇంకోటి చేయండి. 80 వేగాన్ని ఒకసారి ఐదో గేరులో, ఒకసారి నాలుగో గేరులో నడపండి. రెండిట్లోనూ వణుకు ఒకేలా వస్తే చక్రాల లెక్క. గేరుతో పాటు మారిపోతే ఇంజిన్ ఆర్‌పీఎం లెక్క. అప్పుడు బండి ఆపి, న్యూట్రల్‌లో అదే ఆర్‌పీఎంకి రేజ్ చేసి చూడండి. సైలెన్సర్ వేలాడే రబ్బరు తెగి, పైపు బాడీకి తగులుతూ సరిగ్గా ఒక ఆర్‌పీఎం దగ్గరే గర్రుమనే బళ్లు తరచూ వస్తాయి. ఆ రబ్బరు చవకే.

చక్రం వైపు తేలిందా? ఖర్చు లేని పనుల నుంచి మొదలుపెట్టండి

చాలా బళ్లలో జవాబు ఇక్కడే దొరుకుతుంది, కాబట్టి తొందర పడొద్దు.

మొదట నీళ్లతో కడగండి, అదీ రిమ్ము లోపలి వైపు. వానాకాలంలో నల్లరేగడి పొలాల దారిలో తిరిగిన బండి రిమ్ము లోపల బురద పట్టి, రెండు రోజుల ఎండకి రాయిలా గట్టిపడుతుంది. అలా పత్తి చేను నుంచి వచ్చిన ఒకాయన బండికి అప్పటికే ఒకచోట బ్యాలెన్సింగ్ చేశారు, ఆ బురద అలాగే ఉంచి. లోపలికి చెయ్యి పెడితే అరచేతిలో పట్టని పెళ్ల ఊడొచ్చింది. అది తీసేశాక, బురదకి సరిపోయేలా వేసిన సీసం బరువే కొత్త తప్పయింది. మళ్లీ మొదటి నుంచి బ్యాలెన్సింగ్ చేయాల్సి వచ్చింది.

కొంచెం బరువుకే ఇంత గొడవ ఎందుకో లెక్క చూడండి. 185/65 ఆర్15 టైరు చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. 100 వేగంలో అది సెకనుకి 14 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉంటే ఆ వేగంలో దాదాపు 3 కిలోల బలంతో చక్రాన్ని బయటికి గుంజుతుంది, అదీ సెకనుకి 14 సార్లు దిక్కు మారుస్తూ. వేగం సగానికి, అంటే 50కి తగ్గితే బలం నాలుగో వంతుకి, ముప్పావు కిలోకి పడిపోతుంది. బ్యాలెన్స్ తప్పిన చక్రం ఊళ్లో బుద్ధిగా ఉండి హైవే ఎక్కగానే ఆడేది ఇందుకే. 80 నుంచి 110 మధ్య స్టీరింగ్ సన్నగా వణికి, ఆ పైన కాస్త తగ్గినట్టు అనిపిస్తే అది బ్యాలెన్సింగ్ లక్షణం.

తర్వాత గాలి. డ్రైవర్ డోర్ తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, అందులో చెప్పిన ప్రెషర్ చల్లటి టైరుకి పట్టించండి.

ఆ తర్వాత నట్లు. ఈమధ్యే చక్రం ఊడదీసి బిగించి ఉంటే ముందు ఇవే చూడాలి. పక్కపక్కవి కాకుండా ఎదురెదురు నట్లను వరుసగా బిగించాలి, లేకపోతే రిమ్ము హబ్బు మీద ఓరగా కూర్చుంటుంది. ఎంత టార్క్ అన్నది బండి పుస్తకంలో ఉంటుంది.

ఇప్పుడు టైరుని చేత్తో చూడండి. గ్లవ్స్ వేసుకుని అరచేతిని టైరు మీద చుట్టూ నెమ్మదిగా జరపండి. తెగిన తీగలు గుచ్చుకోవచ్చు. ఒకచోట గుబ్బలా తగిలినా, పక్క గోడ మీద బొబ్బ కనిపించినా ఆ టైరు పని అయిపోయింది. లోపలి తీగల పొర విడిపోయిన టైరు 20 నుంచి 40 వేగంలో స్టీరింగ్‌ని అటూ ఇటూ ఊపుతుంది. దీన్ని మావాళ్లు వాబ్లింగ్ అంటారు. వేగం పెరిగితే ఊపు తగ్గినట్టుంటుంది గానీ ఇలాంటి టైరు హైవే మీద పేలే రకం. టైరు మీద డాట్ అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది. గీతలు ఎంత లోతున్నా పాతబడిన రబ్బరు గట్టిపడుతుంది. చాలాకాలం కదలకుండా ఉన్న బండికి టైరు కింది భాగం చదునై కొద్దిసేపు దడదడమంటుంది. పది, పదిహేను కిలోమీటర్లు నడిపితే వేడెక్కి సర్దుకోవాలి. సర్దుకోకపోతే ఆ టైరు ఇక గుండ్రం కాదు.

ఏ చక్రమో ఇంకా తేలలేదా? ముందు చక్రాల్ని వెనక్కి, వెనకవి ముందుకి మార్చి అదే రోడ్డు మీద నడపండి. స్టీరింగ్‌లో వణుకు సీటులోకి మారితే తప్పు ఆ చక్రాల్లోనే ఉంది. మారకుండా స్టీరింగ్‌లోనే ఉంటే హబ్బు, బేరింగ్, డిస్క్, జాయింట్లు చూడాలి. స్టెప్నీ అదే సైజుదైతే ఒక్కో చక్రం స్థానంలో పెట్టి చూస్తే నేరుగా దొంగ దొరుకుతాడు. సైజు చిన్నదైన స్టెప్నీతో ఈ పని చేయొద్దు.

బ్యాలెన్సింగ్ షాపులో నిలబడి చూడాల్సినవి

అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ రెండూ కలిపి ఒకే మాటగా అమ్మేస్తారు గానీ అవి వేరు వేరు. బండి ఒక పక్కకి లాగుతున్నా, టైరు ఒకవైపే అరుగుతున్నా అలైన్‌మెంట్. వణుకు దాని వల్ల నేరుగా రాదు. వణుకుతున్న బండికి అలైన్‌మెంట్ ఒక్కటే చేసి పంపిస్తే మీ డబ్బు వృథా అనే నా అభిప్రాయం.

మిషన్ మీద చక్రం తిరుగుతున్నప్పుడు పక్క నుంచి చూడండి. టైరు పైకీ కిందకీ ఎగురుతోందా, రిమ్ము అంచు అటూ ఇటూ ఊగుతోందా? అలా ఉంటే ఎంత బరువు వేసినా వణుకు పోదు. బ్యాలెన్స్ సున్నా వచ్చినా చక్రం గుండ్రంగా లేనట్టే. రిమ్ము వంగితే ముందు దాన్ని సరిచేయాలి, పగులు ఉన్న అలాయ్‌ని మాత్రం వెల్డింగ్ చేయించి వాడొద్దు. చిన్న కారు చక్రానికి ఒక పక్కనే 50, 60 గ్రాములు దాటి అడుగుతోందంటే టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి ఎక్కించి మళ్లీ చూడమనండి. పాత బరువులన్నీ పీకించాలి. కొత్తవి వేశాక ఇంకోసారి తిప్పించి రెండు వైపులా సున్నా చూశాకే దింపనివ్వండి. బయట కొన్న అలాయ్‌లు వేయించుకుని ఉంటే రిమ్ము నడిమి రంధ్రం హబ్బు కంటే పెద్దదేమో అడగండి. మధ్యలో సరిపోయే రింగు లేకపోతే మిషన్ మీద సున్నా వచ్చినా బండి మీద వణుకుతుంది.

బ్రేక్ తొక్కితేనే వస్తుంటే

బ్రేక్ తొక్కగానే స్టీరింగ్ ఆడి, పెడల్ కాలిని తోస్తుంటే ముందు డిస్కులు. 'డిస్క్ బెండ్ అయింది' అంటారు గానీ ఎక్కువసార్లు జరిగేది మందం తేడా. వెంట్రుక మందం కంటే తక్కువ తేడా చాలు, పెడల్‌లో తెలిసిపోతుంది. తిరుమల నుంచో శ్రీశైలం నుంచో ఘాట్ దిగేటప్పుడు కింది దాకా బ్రేక్ మీదే కాలు ఉంచితే డిస్క్ బాగా కాలుతుంది. దిగాక ఆ వేడి మీదే పెడల్ తొక్కిపట్టి నిలబడితే ప్యాడ్ పదార్థం డిస్క్‌కి ఒకచోట అంటుకుపోతుంది. తక్కువ గేరులో దిగడమే దీనికి మందు.

సీటు కింద అదిరితే వెనక డ్రమ్ములు. ఖాళీ రోడ్డు మీద 30 వేగంలో హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కిపట్టి, మెల్లగా కొద్దికొద్దిగా లాగితే వెనక బ్రేకులు ఒక్కటే పడతాయి. తడి రోడ్డు మీద, స్విచ్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న బండిలో ఇది చేయొద్దు. సడన్ బ్రేక్‌లో మాత్రమే పెడల్ గడగడలాడితే అది ఏబీఎస్ తన పని తాను చేయడమే.

లేత్ పట్టించేముందు, అంటే డిస్క్‌ని మిషన్ మీద చెక్కించి నున్నగా చేయించేముందు, డిస్క్ మీద అచ్చువేసి ఉండే కనీస మందం చూడమనండి. అంతకంటే పలచబడేలా ఉంటే రెండు పక్కలా కొత్తవే వేయాలి. కొత్త డిస్క్ వేసేటప్పుడు హబ్బు ముఖానికి పట్టిన తుప్పుని వైరు బ్రష్‌తో తీయాలి. ఈ ఐదు నిమిషాల పని ఎగ్గొట్టడం వల్లే కొత్త డిస్కులు వేసినా కొన్నాళ్లకే మళ్లీ వణుకు మొదలవుతుంది.

పికప్ ఇస్తేనే వస్తుంటే

ఫ్లైఓవర్ ఎక్కుతూ గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి ముందు భాగం అటూ ఇటూ ఊగి, కాలు తీయగానే ఆగిపోతే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ అరిగింది. బయటి జాయింట్ పోతే వణుకు కంటే ముందు యూ టర్న్‌లో కటకటమనే చప్పుడు వస్తుంది. జాయింట్‌ని కప్పి ఉంచే రబ్బరు బూటు చినిగి, రిమ్ము లోపల గ్రీజు చిమ్మి ఉందేమో వంగి చూడండి. వెనక నుంచి నడిచే బళ్లలో ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులూ (దాని మడత జాయింట్లు), మధ్య బేరింగూ చూడాలి.

మొదటి గేరులో కదిలేటప్పుడు మాత్రమే బండి దడదడమంటే అది క్లచ్. ప్లేటు కాలిపోయి ఉండొచ్చు, లేదా దాని మీద ఆయిల్ పడి ఉండొచ్చు. ఆయిల్ అయితే సీల్ మార్చకుండా ప్లేటు ఒక్కటే మారిస్తే మళ్లీ అదే కథ.

జాకీ మీద లేపి చూడటం

వేగంతో పాటు పెరిగే హోరు ఉండి, నడుపుతూ స్టీరింగ్ కొద్దిగా కుడికి తిప్పితే హోరు పెరుగుతోందంటే ఎడమ చక్రం బేరింగ్ అనుమానం. మలుపులో బరువంతా బయటి చక్రం మీద పడుతుంది కాబట్టి.

దీన్నీ, మిగతా జాయింట్లనూ చేత్తో చూడొచ్చు. చదునైన నేల మీద, మిగతా చక్రాల కింద రాళ్లు పెట్టి, స్టాండు వేసి చక్రం లేపండి. స్టాండు లేకుండా బండి కిందకి తల పెట్టొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే, అంటే వదులు, ఉంటే బేరింగో బాల్ జాయింటో (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే గుండు జాయింటు). ఎవరినైనా బ్రేక్ తొక్కిపట్టమని మళ్లీ ఊపండి: ప్లే పోతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్. కుడీ ఎడమా పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ప్లే ఉంటే స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. అరిగిన జాయింట్లు, చచ్చిన షాకులు ఎక్కువగా ఎక్కడో పుట్టిన వణుకుని పెంచి చూపిస్తాయి. వాటిని మార్చి అసలు చక్రాన్ని వదిలేస్తే వణుకు కొన్నాళ్లు దాక్కుంటుంది, అంతే.

ఇంకా తేలకపోతే ఫోన్

వణుకుని సెకనుకి ఎన్నిసార్లో, అంటే హెర్ట్జ్‌లలో చూపించే యాప్‌లు ఫోన్‌లో దొరుకుతాయి. పక్కన కూర్చున్నవాళ్లు ఫోన్‌ని సీటు పట్టాలకో, కన్సోల్‌కో గట్టిగా ఆనించి పట్టుకోవాలి. పైన చెప్పిన టైరు 80 వేగంలో సెకనుకి 11 సార్లకు పైగా తిరుగుతుంది. యాప్‌లో 11 దగ్గర శిఖరం కనిపిస్తే చక్రం. 45, 50 దగ్గరుంటే వెనక నుంచి నడిచే బండికి ప్రొపెల్లర్ షాఫ్ట్ కావచ్చు, అది చక్రం కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ తిరుగుతుంది. ఇంజిన్ 2,400 ఆర్‌పీఎంలో ఉంటే సెకనుకి 40 తిరుగుళ్లు, కాబట్టి గేరు మార్చినప్పుడు ఆ అంకె కదిలితే ఇంజిన్.

ఎప్పుడు బండి అక్కడే ఆపాలి

టైరు మీద బొబ్బ, వదులైన నట్లు, ప్లే బాగా ఉన్న బాల్ జాయింట్, ఉన్నట్టుండి మొదలై కిలోమీటరుకి కిలోమీటరు పెరుగుతున్న వణుకు: వీటిలో ఏది కనిపించినా షెడ్ దాకా నడుపుకుంటూ పోదాం అనుకోవద్దు. పక్కకి తీసి, స్టెప్నీ వేయండి లేదా టోయింగ్ పిలవండి.

పని అయ్యాక డబ్బిచ్చేముందు మీ కాగితం తీసి, అదే రోడ్డు మీద, అదే వేగంలో మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నడపండి. చక్రాలు ఊడదీసి ఉంటే ఓ 50, 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి బిగించి చూసుకోవాలి.